పోటు వేళ

సముద్రం శాంతంగా ఉండే నెలలు ఏడాదికి కొన్నే ఉంటాయి. గాలి తిరిగేలోపు, ఒడ్డున ఏ పని చేయాలన్నా ఆ నెలల్లోనే చేసుకోవాలి. ఆ ఏడు ఆ నెలలు మొదలవుతూనే మా కాంట్రాక్టరుకి ఒక పని వచ్చింది. బీచ్‌కి దిగే పాత మెట్లు కూలిన చోట కొత్త మెట్లు కట్టాలి. వాటి పక్కనే చక్రాల కుర్చీల వాళ్లు, చేతికర్రల వాళ్లు, చంటిపిల్లల బళ్లు తోసుకొచ్చే తల్లులు దిగడానికి వీలుగా ఒక ర్యాంపు కట్టాలి. కాంట్రాక్టరు నన్ను గదిలోకి పిలిచి, నా వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ, నీకు ఇబ్బందైతే ఇంకో సూపర్‌వైజర్ని పంపుతాను, మొహమాటపడకమ్మా అన్నాడు.

నేనే చేస్తానన్నాను.

ఆయన అలా అడగడంలో తప్పేమీ లేదు. మూడేళ్ల కిందట ఆ మెట్లు కూలినప్పుడు వాటి మీద ఉన్నవాళ్లు ఇద్దరే. ఒకరు మా ఆయన. రెండోవారు ఆయన అన్నగారు, మా బావగారు. బావగారికి నడుం విరిగి కాళ్లు పడిపోయాయి. మా ఆయన అసలు దొరకలేదు. సముద్రం లాక్కుపోయిందన్నారు. పడవల మీద వెతికారు, ఒడ్డు పొడుగునా నడిచి వెతికారు. ఆ రాత్రే పెద్ద అలలు లేచి, గట్టు మీది మట్టి జారి, మెట్ల కింది భాగమంతా ఇసుకలో కూరుకుపోయింది. వారం తిరిగేసరికి అక్కడ కిందిదాకా మెట్లుండేవంటే కొత్తవాళ్లు నమ్మేవారు కాదు.

ఆ మెట్లది పైన పటారం, లోన లొటారం. ఉప్పునీరు సన్నని పగుళ్లలోంచి దిగి లోపలి ఇనప ఊచల్ని తింటుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది. ఉబ్బి, తనని పట్టుకున్న కాంక్రీటునే లోపల్నుంచి చీలుస్తుంది. ఏటా ఎవరో ఒకరు వచ్చి ఆ చీలికల మీద సిమెంటు మెత్తి, రంగు కొట్టి పోయేవారు. తిలాపాపం తలా పిడికెడు. అందుకే నేను చేస్తానన్నాను. ఈసారి కట్టేది నా కళ్ల ముందు కట్టాలి.

మా ఇల్లు అదే గట్టు మీద, వీధి చివర. సముద్రం వైపు కిటికీని అత్తయ్య మూడేళ్లుగా తెరవనివ్వలేదు. అది తప్ప ఆవిడ ఎవరినీ దేనికీ కాదన్న మనిషి కాదు. కొడుకు చొక్కాలు ఉతికి మడతపెట్టేది, మళ్లీ కొన్నాళ్లకి తీసి ఉతికేది. ఆయన లేరని ఎవరైనా అంటే వినేది, ఉన్నారని ఎవరైనా అంటే అదీ వినేది. ఏ మాటకీ తలాడించేది కాదు. మా అక్క ఫోను చేసినప్పుడల్లా, ఎన్నాళ్లిలా ఉంటావే అని అడిగేది. ఏమని చెప్పను? ముత్తైదువనీ కాను, విధవనీ కాను. గడప మీద నిలబడ్డ మనిషిని.

ముగ్గురమే ఉండేవాళ్లం, ముగ్గురం నోట్లోంచి మాట రాలనివాళ్లమే. అయినా మా ఇల్లంత గోల ఇల్లు ఆ వీధిలో ఇంకోటి లేదు. బావగారు ఒకప్పుడు బడి బస్సు నడిపేవారు. కాళ్లు పోయాక గడియారాలు బాగుచేయడం మొదలుపెట్టారు. ఆయన గది నాలుగు గోడలకీ గడియారాలే. ఒకటి చెప్పే టైము ఇంకోటి చెప్పదు. బాగైనవాటిని కూడా తొందరగా తిరిగి ఇచ్చేవారు కాదు, ఇంకా చూడాలి అనేవారు. అత్తయ్యది కాలితో తొక్కే కుట్టుమిషను. కుట్టడానికి బట్ట లేని రోజున పాత దుప్పటి అంచులకే కుట్టు మీద కుట్టు వేసేది. దానికి వేళంటూ ఉండేది కాదు. ఇవాళ మధ్యాహ్నం భోజనాలు కాగానే కూర్చుంటే, రేపు ఇంకాస్త ఆలస్యంగా, ఆ మర్నాడు పొద్దు వాలుతుండగా. ఆవిడ మిషను మొదలెట్టే వేళకి నేను పంపు పూర్తిగా తిప్పి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేదాన్ని. చుట్టుపక్కలవాళ్లు మమ్మల్ని చూసి జాలిపడేవారు. దెబ్బ తిన్న ఇల్లు కదా, ఎవరి పిచ్చి వాళ్లది అని.

పని మొదలైంది. పైన మిగిలిన పాత మెట్లని ముందు పగలగొట్టించాం. తర్వాత పునాదికి తవ్వకం. ఒడ్డున ఇసుకని నమ్మి ఏదీ కట్టకూడదు. ఇవాళ ఉన్న ఇసుక గాలి మారితే మనిషెత్తు దిగిపోతుంది, దానితో పాటు దాని మీద ఉన్నదీ దిగిపోతుంది. అడుగునున్న రాతిదాకా వెళ్లి, ఆ రాతిని పట్టుకుని పైకి రావాలి. మట్టి తవ్వే ప్రొక్లెయిన్ తొట్టి దిగిన ప్రతిసారీ చేతిలో పని ఆపి అటే చూసేదాన్ని. తొట్టిలో ఏమొస్తుందోనని.

మా పెద్దమేస్త్రి ఆ సంగతి నాతో ఎత్తలేదు. మొదటిరోజే వచ్చి తొట్టి మట్టి కుమ్మరించే చోట నిలబడ్డాడు. అది ఆయన పని కాదు, ఆ పనికి వేరే మనిషి ఉన్నాడు. అయినా ప్రతి తొట్టినీ ముందు ఆయన చూసి, తర్వాత చెయ్యి ఊపేవాడు. నన్ను మాత్రం పైన ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ దగ్గరే ఉండమన్నాడు. ఆ ఎండలో ఆయన అలా రోజంతా ఎందుకు నిలబడుతున్నాడో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. నీళ్లు ఇంకా చాలా దూరంలో ఉండగానే, పోటు మొదలవుతోంది సామాన్లు సర్దండ్రా అని అందరినీ పైకి తోలేసేవాడు. కొన్నాళ్లు చూసి, ఇంకో గంట హాయిగా పని చేసుకోవచ్చు కదా, నీళ్లు ఇక్కడికి రావడానికి ఎంతో టైముందిగా అన్నాను.

"నీళ్ల గురించి కాదమ్మా," అన్నాడు మేస్త్రి. పార భుజాన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం నేను వెళ్లలేదు. గుంట అంచున కూర్చుని కొలతలు సరిచూసుకుంటున్నాను. గాలి లేదు. అలలు నాలుక చాచినట్టు ఇసుక మీదికి మెల్లగా వస్తున్నాయి, పోతున్నాయి. అప్పుడు వినపడింది. మూసిన తలుపుని లోపలివైపు నుంచి వేలి కణుపుతో తట్టినట్టు. ఒకటి. కాస్త ఆగి రెండు. మళ్లీ ఆగి ఒకటి.

ఆ చప్పుడు నాకు కొత్త కాదు. మూడేళ్లుగా వింటున్నాను. ఇంట్లో, మంచం కోళ్లలోంచి, వంటింటి గోడలోంచి వస్తున్నట్టు అనిపించేది. అది నా తలలోదే అనుకున్నాను. దాన్ని వినకుండా ఉండడానికే నేను పంపు తిప్పేది. ఇక్కడ మాత్రం అది తలలోంచి రావడం లేదు. అరికాళ్లలోంచి వస్తోంది.

చెప్పులు చేత్తో పట్టుకుని గట్టెక్కాను. వీధి మలుపు తిరిగేసరికే మా ఇంట్లోంచి మిషను చప్పుడు దడదడలాడుతోంది. దాని వెనక అన్ని గడియారాలూ. గేటు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను. ఆ రెండు చప్పుళ్లూ దేన్ని కప్పడానికో అన్న అనుమానం నాకు మొదటిసారి కలిగింది. కలిగింది గానీ లోపలికి వెళ్లి అడగలేదు. మా ఇంట్లో అడిగే అలవాటు లేదు.

ఇంకొన్ని రోజులకి తొట్టి పళ్లు గట్టిదేనికో తగిలి కీచుమన్నాయి. మేస్త్రి యంత్రాన్ని ఆపించి, మనుషుల చేత పారలతో తీయించాడు. పాత మెట్ల కింది వరస. విరగకుండా, ఒకే స్లాబుగా, బోర్లా పడి ఉంది. మెట్లు కిందికి, నున్నటి వీపు పైకి. కాంట్రాక్టరు వచ్చి చూశాడు. దీన్ని ఎత్తాలంటే పెద్ద క్రేను కావాలి, చుట్టూ ఇసుకబస్తాల కట్ట కట్టాలి, ఈలోగా గాలి తిరుగుతుంది, పునాదిని రెండు గజాలు పక్కకి జరిపి దీన్ని ఇలాగే పూడ్చేద్దాం అన్నాడు. కాగితం మీద అది తప్పు కాదు. నేను రేపు చెబుతానన్నాను.

ఇంటికి వెళ్లి, అన్నాలు తింటుండగా, ఏదో మాటగా చెప్పాను. కింది వరస స్లాబు దొరికింది, బోర్లా పడుంది, పూడ్చేద్దామంటున్నారు అని. అత్తయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లింది. బావగారు కంచంలోనే చెయ్యి కడుక్కుని, కుర్చీ చక్రాలు తిప్పుకుంటూ తన గదిలోకి వెళ్లారు.

నేను ఎంగిలి ఎత్తుతున్నాను. ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియడం లేదు. తర్వాత తెలిసింది. గడియారాలు ఆగిపోతున్నాయి. ఒకటి తర్వాత ఒకటి. ఆయన గోడ పొడుగునా కుర్చీ జరుపుకుంటూ, చెయ్యి అందినవాటికి లోలకం పట్టి ఆపుతూ, అందనివాటిని కర్రతో ఆపుతూ వస్తున్నారు. చివరిది కూడా ఆగాక ఇల్లు ఇల్లంతా నోరు తెరిచినట్టుంది.

"ఇలా రామ్మా," అన్నారు బావగారు. "ఆ స్లాబు ఎత్తించు."

తలుపు పట్టుకుని నిలబడ్డాను.

ఆయన నా మొహం చూడకుండా, చేతిలోని చిన్న స్క్రూడ్రైవర్‌తో మాట్లాడుతున్నట్టు, నెమ్మదిగా చెప్పారు. ఆ సాయంత్రం కూలినప్పుడు తను ఇసుకలో వెల్లకిలా పడ్డారట. నడుం కింద ఏమీ లేనట్టుంది. పక్కనే స్లాబు. తమ్ముడు కనపడలేదు. పిలిస్తే పలకలేదు. కానీ స్లాబు కిందనుంచి తట్టాడు. వీడు బతికే ఉన్నాడు, ఎవరో ఒకరు వస్తారు అనుకున్నారట. అరిచారు. గాలిలో ఎవరికీ వినపడలేదు. పోటు వస్తోంది. తనూ ఒక రాయి తీసుకుని పైనుంచి తట్టారు, ఇక్కడే ఉన్నానురా అన్నట్టు. కిందనుంచి తడితే పైనుంచి, పైనుంచి తడితే కిందనుంచి. అలా చాలాసేపు. నీళ్లు తన చెవులదాకా వచ్చాయి. తర్వాత కిందనుంచి రాలేదు.

"జనం వచ్చి నన్ను ఎత్తుతుంటే, రెండోవాడు ఎక్కడని అడిగారు. మాట రావట్లేదు. చెయ్యి చాపి చూపించాను. నేను చూపించింది స్లాబునే. దాని వెనకాల సముద్రం ఉంది. వాళ్లు సముద్రం అనుకున్నారు."

ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి సముద్రమే తీసుకుపోయిందని అందరూ ఖాయం చేసేశారు. ఒడ్డంతా ఇసుక పూడుకుపోయింది. అప్పటికే అత్తయ్య ఎదురుచూడడం మొదలుపెట్టింది.

"అమ్మకి ఎదురుచూడ్డమైనా మిగిలింది కదా అనుకున్నానమ్మా. అదీ తీసేస్తే ఏమిస్తాను? ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకునేలోపు మళ్లీ తట్టడం మొదలైంది. పోటు వచ్చినప్పుడల్లా. నాకే వినపడుతోంది అనుకున్నాను. అందుకే ఇవి." ఆగిపోయిన గడియారాల వైపు చెయ్యి ఊపారు.

నేను పంపు సంగతి చెప్పాలనుకున్నాను. వెనక్కి తిరిగేసరికి వంటింటి గుమ్మంలో అత్తయ్య ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. కళ్లలో నీళ్లేమీ లేవు. చీర కొంగుతో తడి లేని చేతుల్ని తుడుచుకుంటూ నిలబడింది.

"సముద్రంలో ఉన్నవాడు తలుపు తట్టడురా," అంది పెద్దకొడుకుతో. "నాకు తెలుసు వాడు నేలలోనే ఉన్నాడని. ఎక్కడో తెలీదు, అంతే."

అదీ మా ఇంటి గోల కథ. మూడేళ్లు ఒకే కప్పు కింద, ఒకే చప్పుడు వింటూ, ఎవరికి వాళ్లం అది మా ఒక్కరికేననుకుని, పక్కవాళ్లకి వినపడకూడదని ఎవరి చప్పుడు వాళ్లం చేస్తూ వచ్చాం.

మర్నాడు కాంట్రాక్టరుతో వాదించాను. ఇంటి సంగతి ఎత్తలేదు. ఆ స్లాబుని పూడ్చేస్తే ఏమవుతుందో చెప్పాను. గాలి తిరిగినప్పుడు సముద్రం దాని చుట్టూ ఇసుకని గీకేస్తుంది, అది ఊగుతుంది, ఊగి మన పునాదిని పొడుస్తుంది, నాలుగేళ్లకి మన ర్యాంపు కూడా పాత మెట్ల దారే పడుతుంది అని. అది అబద్ధం కాదు. ప్రతి ముక్కా నిజమే. ఆయన గొణిగాడు, లెక్కలు చూశాడు, మళ్లీ గొణిగాడు, చివరికి క్రేను తెప్పించాడు.

తెల్లవారాక ఆటు బాగా దిగిన వేళ చూసి మొదలెట్టాం. చుట్టూ ఇసుకబస్తాలు పేర్చి, ఊరే నీటిని మోటారుతో తోడుతూ, స్లాబుకి నాలుగు మూలలా గొలుసులు వేశారు. తడి ఇసుక అంత తేలిగ్గా వదలదు. క్రేను ఒక పట్టు పట్టేసరికి లోపల్నుంచి పెద్ద ఊపిరి పీల్చినట్టు చప్పుడైంది. మేస్త్రి కూలీలందరినీ గట్టు వైపు తిరిగి నిలబడమన్నాడు. అందరూ తిరిగారు. నన్నూ తిరగమన్నట్టు చూశాడు. నేను తిరగలేదు.

ఉన్నారు. మూడేళ్లకి మిగలవలసినంతగా ఉన్నారు. బెల్టు బకిలు నేను కొన్నదే. బోర్లాపడ్డ మెట్లకీ ఇసుకకీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ మిగిలింది, చిన్న గదిలాగా. కుడిచేతి ఎముకల్లో ఒక గుండ్రాయి ఉంది.

గాల్లో వేలాడుతున్న స్లాబు అడుగుభాగాన్ని మేస్త్రి చూస్తున్నాడు. నేనూ చూశాను. చెయ్యి అందే చోట కాంక్రీటులో ఒక గుంట. దోసిలంత లోతు. రోలులా నున్నగా అరిగి, లోపల ఊచ తళతళలాడుతోంది. తుప్పు లేదు. రోజూ రాపిడి పడే ఇనుముకి తుప్పు పట్టదు. మేస్త్రి అందులో వేలు పెట్టి చుట్టూ తిప్పి, తీసేశాడు. ఒక సాయంత్రం తడితే పడే గుంట కాదు అది. ఒక ఏడాది తట్టినా పడదు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆయన సమ్మెట తీసుకుని, స్లాబుని పక్కనున్న ఇసుక మీద ఓరగా దింపించి, ముందు ఆ భాగాన్నే పొడిపొడిగా కొట్టేశాడు. మిగతావాళ్లు తిరిగి చూసేసరికి అక్కడ గుంట లేదు.

పోలీసులు వచ్చారు, డాక్టరు వచ్చాడు, రాసుకోవలసినవి రాసుకున్నారు. మాకు అప్పగించారు. ఒక కొడుక్కి, ఒక తమ్ముడికి, ఒక భర్తకి చెయ్యవలసినవి చేశాం. అంతా అయ్యాక అత్తయ్య నన్ను ఒక్కటే అడిగింది.

"చేతిలో ఏమైనా ఉందా?"

"రాయి," అన్నాను.

"ఊఁ," అంది.

ఆ మర్నాడు పోటు వేళకి మేం ముగ్గురం వరండాలో కూర్చున్నాం. పంపు కట్టేసి ఉంది. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. గడియారాలు ఆగే ఉన్నాయి. నీళ్లు వచ్చాయి, నిండాయి, వెనక్కి తిరిగాయి. ఏ చప్పుడూ లేదు. వినకుండా ఉండడానికి మూడేళ్లు పాటుపడ్డవాళ్లం, ఇప్పుడు చెవులు రిక్కించి కూర్చున్నాం. ఆ వేళ ఏం చేసుకోవాలో మాకు తెలియలేదు. చివరికి అత్తయ్య లేచి సముద్రం వైపు కిటికీ తెరవబోయింది. చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. నేనూ ఒక భుజం వేస్తే గాని ఊడిరాలేదు.

గాలి తిరగడానికి ఎక్కువ రోజులు లేవు. కాంట్రాక్టరు నా నెత్తిన కూర్చున్నాడు, నేను మేస్త్రి నెత్తిన కూర్చున్నాను, మేస్త్రి ఎవరి నెత్తినా కూర్చోకుండా పని చేయించాడు. పునాదులు రాతిదాకా దింపాం. ఉప్పు తినలేని ఊచలు వేయించాను, వాటి మీద కాంక్రీటు మందం ఒక్క చోట తగ్గినా ఒప్పుకోలేదు. వాలు ఎంత మెల్లగా ఉండాలంటే, చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి ఎవరి సాయమూ అడగకుండా తన చేతులతో తను ఎక్కాలి. మధ్యలో అలిసినవాళ్లు ఆగడానికి చదునైన మలుపు. పట్టుకోవడానికి రెండు ఎత్తుల్లో రెయిలింగులు, నిలబడ్డవాళ్లకి ఒకటి, కూర్చున్నవాళ్లకీ పిల్లలకీ ఒకటి. పోసిన కాంక్రీటు మీద గోనెపట్టాలు పరిచి, మంచినీళ్లతోనే తడిపించాను. ఒక కుర్రమేస్త్రి సముద్రపు నీళ్లు చేతికందేంత దూరంలో ఉండగా ట్యాంకరెందుకమ్మా అంటే, పెద్దమేస్త్రి వాడి వైపు చూసిన చూపుకి వాడు ఆ వారమంతా నీళ్లు మోస్తూనే ఉన్నాడు.

స్లాబు పడి ఉన్న చోటు సరిగ్గా ఆ చదునైన మలుపు కిందికి వచ్చింది. జరపొచ్చు. జరపనా అని మేస్త్రి అడిగాడు. వద్దన్నాను.

జనానికి వదలడానికి ముందు బావగారిని తీసుకెళ్లాను. మూడేళ్లలో ఆయన వీధి దాటడం అదే మొదలు. కుర్చీ వెనక నేను చేతులు ఆనిస్తే, తియ్యమ్మా అన్నారు. తీసేశాను. ఆయన తన చేతులతో చక్రాలు పట్టి, ఆపుకుంటూ, వదులుతూ, మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్లీ వదిలి, చివరిదాకా వెళ్లారు. అలలు చక్రాలని తడిపేదాకా. అక్కడే చాలాసేపు ఉన్నారు. తిరిగి ఎక్కుతుంటే చెమటలు పట్టాయి, కానీ పిలవలేదు. పైకొచ్చాక, బస్సు నడిపినట్టుందమ్మా, బ్రేకులు నా దగ్గరే ఉన్నాయి అన్నారు. ఆయన నవ్వు ఎలా ఉంటుందో అప్పటిదాకా నేను మరిచిపోయే ఉన్నాను.

జనం వచ్చారు. కర్రలు పట్టుకున్నవాళ్లు, బళ్లు తోసేవాళ్లు, మోకాళ్ల నొప్పులతో ఏళ్ల తరబడి గట్టు మీదినుంచే సముద్రాన్ని చూసి వెళ్లిన ముసలివాళ్లు. నేను రోజూ సాయంత్రం మెట్ల పైన కూర్చుని చూసేదాన్ని. కట్టిన మనిషికి అదో సరదా, ఎవరు ఎక్కడ పట్టుకుంటున్నారు, ఎక్కడ తడబడుతున్నారు అని.

కొన్ని రోజులకి ఒక సంగతి నా కంట పడింది. మలుపు దగ్గర జనం తిన్నగా పోవడం లేదు. అక్కడ అడ్డేమీ లేదు. నాలుగు కుర్చీలు పక్కపక్కన పట్టేంత చోటు. అయినా నడుస్తున్నవాళ్లు అక్కడికి రాగానే మాట్లాడుకుంటూనే కొంచెం పక్కకి ఒదిగి, దాటి, మళ్లీ తిన్నగా నడుస్తున్నారు. దారిలో ఎవరో కూర్చుని ఉంటే తగలకుండా పోతామే, అలా. చూసి ఒదగడం కాదు, ఎవరూ కిందికి చూడడం లేదు. పరిగెత్తుకొచ్చే పిల్లలు కూడా అక్కడ వంపు తిరిగి పరిగెత్తుతున్నారు. పాదాల నుంచి రాలిన ఇసుక కూడా మలుపంతా పడి, ఆ మధ్యలో మాత్రం ఒక మనిషి కూర్చునేంత మేర పడలేదు.

మర్నాడు పొద్దున్నే లెవెల్ తీసుకెళ్లి పెట్టి చూశాను. బుడగ నడిమధ్యన నిలిచింది. నీళ్లు పోసి చూశాను, ఎటు పారాలో అటే పారాయి. మెరక లేదు, జారుడు లేదు, ఏ లోపమూ లేదు. పరికరాలు సర్దుకుని వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. మేస్త్రి ఒక సాయంత్రం వచ్చి నా పక్కన నిలబడి కాసేపు చూసి, బాగా కుదిరింది కదమ్మా అన్నాడు. కుదిరిందన్నాను.

గాలి తిరిగింది. మొదటి పెద్ద అలలు వచ్చి ఒడ్డు ఇసుకని మనిషెత్తున కోసుకుపోయాయి. ర్యాంపు పాదాలు బయటపడ్డాయి, రాతిని పట్టుకుని అలాగే ఉన్నాయి. అలలు కాస్త తగ్గిన ఒక సాయంత్రం, ఎప్పుడూ లేనిది అత్తయ్య చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. నడవండి చూద్దాం, ఏం కట్టావో అంది.

ఆవిడ కింది రెయిలింగే పట్టుకుంది, పొట్టి మనిషి. బావగారి కుర్చీ ముందు, ఆవిడ వెనక, ఆవిడ వెనక నేను. దారిలో, నా వైపు తిరక్కుండానే నాతో అంది. మీ అక్క ఫోను చేసింది. నువ్వు వెళ్తానంటే ఆపను, ఉంటానంటే పొమ్మనను, ఇంక నీ ఇష్టం. ముందు మీరు కాలు చూసుకుని దిగండి అన్నాను.

మలుపు వచ్చింది. మా ముందు పోతున్న వాళ్లు ఎప్పట్లాగే పక్కకి ఒదిగి దాటారు. బావగారి కుర్చీ కూడా, ఆయనకి తెలియకుండానే, కొంచెం పక్కకి తిరిగి ఆగింది. అత్తయ్య ఒదగలేదు. తిన్నగా వెళ్లి, ఆ మధ్యలోనే, సరిగ్గా ఆ ఖాళీలోనే, మోకాలి మీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా కూర్చుంది. కాళ్లు చాపుకుంది. జనం ఆవిడ చుట్టూ తిరిగి పోతున్నారు, ముందు ఎలా పోయేవారో అలాగే.

కాసేపు సముద్రాన్ని చూసింది. తర్వాత అరచెయ్యి నేల మీద ఆనించి, అక్కడే ఉంచింది.

"వెచ్చగా ఉందే," అంది. "చెయ్యి పెట్టి చూడు."

నేను పక్కన కూర్చుని చెయ్యి పెట్టాను. మలుపు అంచున కాంక్రీటు చల్లగా, చెమ్మగా ఉంది. ఆవిడ చెయ్యి ఉన్న చోట, అప్పటిదాకా ఎవరో కూర్చుని లేచినట్టు, వెచ్చగా ఉంది. కాంక్రీటు పగటి ఎండని చాలాసేపు దాచుకుంటుంది, అది నాకు తెలిసిన విషయమే. కానీ మబ్బు పట్టి అప్పటికి మూడు రోజులు.

నేను చెయ్యి తియ్యలేదు.